ఎడమవైపు సీటు

పదిహేడో నంబరు సీటు కిందికి చీపురు పోదు. సీటు కాలికీ బస్సు గోడకీ మధ్య బెత్తెడు సందు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి, తడిగుడ్డతో లాగాల్సిందే. రాజధాని నుంచి వచ్చిన బస్సయితే ఆ సందులో ఎప్పుడూ ఇసుకే. సముద్రంలో కాళ్ళు తడుపుకొచ్చినవాళ్ళు దారి పొడుగునా పాదాలు రుద్దుకుంటూ రాల్చిన ఇసుక. మామూలు దుమ్ములా గుడ్డకు అంటుకోదు. పట్టుకున్నట్టే ఉండి వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది.

డిపోలో ఆవిణ్ణి బస్సులమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా తెల్లారేసరికి వచ్చి, వచ్చిన బస్సును వచ్చినట్టు కడగడమే పని. పొట్టి మనిషి. సబ్బునీళ్ళకు నాని నాని అరచేతులు తెల్లగా ముడతలు పడిపోయాయి. బకెట్టు మోసే చెయ్యి రెండోదానికంటే బెత్తెడు పొడుగు సాగిందని డ్రైవర్లు ఆట పట్టిస్తుంటారు. "అందుకేగా పైనున్న అద్దాలు అందుతున్నాయి" అంటుంది తను, నవ్వకుండా.

ఆ రోజు కూడా ఒక ప్రశ్న మోసుకొచ్చింది. భర్త రోజుకొక ప్రశ్న ఇచ్చి పంపుతాడు, రాజధాని నుంచి వచ్చిన డ్రైవర్ని అడిగి రమ్మని. ఇదే డిపోలో ఇరవై ఆరేళ్ళు బ్రేకులు బాగుచేసిన మనిషి ఆయన. బ్రేకుల మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. అరిగిన బ్రేకులు విప్పి, గాలిగొట్టంతో దుమ్ము ఊది, ఆ దుమ్మునే పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మూడేళ్ళుగా మంచం, మంచం పక్కన కుర్చీ, అంతే ఆయన ప్రపంచం.

రాజధాని బస్సు తోలుకొచ్చిన పొడుగు డ్రైవరు దాని మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"తమ్ముడూ, కోట వెనక గేటు నుంచి సముద్రం దగ్గరికి నడిచి పోవచ్చా? మీ మేస్త్రి కనుక్కోమన్నాడు."

"అక్కా, పదకొండేళ్ళుగా ఆ ఊరికి బస్సు తోలుతున్నా. కోట లోపలికి ఒక్కసారి వెళ్ళిన పాపాన పోలేదు. బస్సు ఆపడం, కింద దుప్పటి పరుచుకుని పడుకోవడం. ఆ ఊరి గురించి మీ మేస్త్రికి తెలిసినంత నాకు తెలీదు."

అది నిజమే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ రాజధాని చూద్దామనుకున్నారు. సెలవు కూడా దొరికింది. బయల్దేరే రోజున ఘాటు రోడ్డులో బస్సు బోల్తాపడి, మెకానిక్కులందరినీ వెనక్కి పిలిచారు. తర్వాత ఆయన తల్లి ఎనిమిదేళ్ళు మంచాన పడింది. ఆ తర్వాత దగ్గు మొదలైంది. వెళ్ళడం అలా వాయిదా పడుతూనే ఉంది గాని, వెళ్ళే ఏర్పాటు మాత్రం ఆగలేదు. బస్సుల్లో దొరికిన కోట టికెట్టు ముక్కలు, నేల కింద నడిచే రైలు పటం, హోటలు సబ్బు కాగితం, ఆవిడ ఏది తెచ్చినా ఆయన దాచేవాడు. పాత ట్రిప్పు షీట్ల వెనక ప్రయాణం రాసుకునేవాడు. ఏడు వందల ఏళ్ళ నాటి కోటగోడ మీద నిలబడితే ఒక పక్క చెక్క పడవల రేవు, ఇంకో పక్క నలభై అంతస్తుల అద్దాల మేడలు. రెండూ ఒకే చోటు నుంచి కనిపించే బురుజు ఒక్కటే ఉందనీ, దాని పైకి రెండు వందల పన్నెండు మెట్లనీ ఆయనకు కంఠతా వచ్చు.

ఆవిడకు కోట అక్కర్లేదు. నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడితే చాలు. ఆ మాటంటే, "నీళ్ళేగా నువ్వు రోజూ చూసేవి" అని కసిరేవాడు.

పదకొండు గంటలకు ఆఫీసు గదికి వెళ్ళింది. సెలవు కాగితం మీద మేనేజరు సంతకం అయిపోయిందని గుమాస్తా కబురు పెట్టాడు. గురువారం నుంచి నాలుగు రోజులు. దానితో పాటు సిబ్బందికిచ్చే బస్సు పాసులు.

గుమాస్తా కలం ఎత్తి, "ఇద్దరికా?" అన్నాడు.

"ఇద్దరికే."

అతను తలొంచుకుని రాశాడు. మేస్త్రి సంగతి అతనికీ తెలుసు. పోయిన నెలలో డాక్టరు ఆవిణ్ణి వరండాలోకి పిలిచి, ఆ ప్రయాణం మాట ఇక మర్చిపొమ్మన్నాడు. మెట్లు దిగడమే ఎక్కువట. ఆవిడ లోపలికి వచ్చి భర్తతో, "వానలు తగ్గాక చూద్దామన్నాడు" అని చెప్పింది. "అవును, రోడ్డు ఆరాలి" అన్నాడాయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా సెలవు పెట్టమని ఆయనే పట్టుబట్టాడు. ఆవిడ కాగితం రాయించి ఇచ్చింది.

ఇల్లు డిపో వెనకే, రెండో అంతస్తులో ఒక్క గది. ఆవిడ పనిలో ఉన్నప్పుడు ఎదురింటి ఆవిడ వచ్చి ఆయన్ని చూసుకుని పోతుంటుంది. మధ్యాహ్నం తలుపు తీసేసరికి ఆయన వీపుకు రెండు దిళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాలర్ ఎముకల పైన గుంటలు నీళ్ళు పోస్తే నిలిచేలా ఉన్నాయి. చేతులు మాత్రం ఇంకా మేస్త్రి చేతులే. పాసులు అందుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. స్టాంపు సరిగా పడిందా, తేదీ దిద్దారా, అన్నీ చూశాడు.

"గేటు సంగతి అడిగావా?"

"అడిగా. దర్జాగా నడిచి పోవచ్చట" అంది ఆవిడ. అబద్ధం ఆడింది.

"నేననుకున్నా" అని ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. తర్వాత మొదటి నుంచీ చదివాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ చదివాడు. పొద్దున ఆరింటికి బస్సు దిగాలి. సంచి అక్కడే సామాన్ల గదిలో పెట్టాలి. రైలెక్కి మూడో స్టేషన్లో దిగితే కోట. ఎండ ముదరక ముందే బురుజు ఎక్కాలి. మధ్యాహ్నం వెనక గేటు నుంచి సముద్రం.

"మెట్ల దగ్గర ఎక్కడాగాలో రాయలేదే?" అంది ఆవిడ. పోయినసారి రాసినప్పుడు ఇరవై మెట్లకోసారి ఆగాలని ఉంది. అంతకు ముందు నలభైకి.

"ఆగక్కర్లేదులే. కాస్త టీ పెట్టు."

ఆవిడ మూలనున్న పొయ్యి వైపు తిరిగింది. పాలగిన్నె పెట్టింది. వెనక నుంచి ఆయన గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది.

"బస్సులో ఎడమవైపు కూర్చో. కుడివైపు కూర్చుంటే కొండ తప్ప ఏం కనపడదు. వంతెన దాటాక, తెల్లారే వేళకి సముద్రం ఎడమవైపే మొదలవుతుంది. నిద్రపోకు."

"నువ్వు లేపవా ఏం?"

జవాబు రాలేదు. ఒక మాటకు జవాబివ్వడానికి ఆయనకు ఈమధ్య చాలాసేపు పడుతోంది. ఆవిడ తొందరపెట్టలేదు. పాలు పొంగి దిగాయి. పొడి వేసి, మరగనిచ్చి, రెండు కప్పుల్లో వడగట్టింది. ఆయన కప్పులో పంచదార ఇంకొంచెం వేసి తిప్పింది. కప్పులు రెండూ పట్టుకుని ఇటు తిరిగాక, కింద పెట్టడానికి చాలాసేపు చోటు వెతుక్కుంది. ఆయన తల దిండు మీదికి ఒరిగి ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

ఎదురింటి ఆవిడ వచ్చింది. డిపో నుంచి మనుషులు వచ్చారు. మెట్ల మీద నుంచి దించేటప్పుడు పొడుగు డ్రైవరు పాడె ఒక కొస పట్టాడు. చేయాల్సినవన్నీ ఎవరో ఒకరు చేశారు. గురువారం నుంచి సెలవు ఎలాగూ ఉంది కాబట్టి వేరే కాగితం పెట్టనక్కర్లేదన్నాడు గుమాస్తా. ఆ నాలుగు రోజులూ ఆవిడ మంచం కోడు దగ్గరే కూర్చుంది. రెండో రోజు పొద్దున రాజధాని బస్సు గేట్లోకి తిరిగిన చప్పుడు విని లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

సోమవారం పనికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి గది ఊడుస్తుంటే మంచం కింద చీపురుకు ప్రయాణం సంచి తగిలింది. బయటికి లాగింది. పాసుల గడువు ఇంకా రెండు వారాలుంది. ఇద్దరి బట్టలూ ఎప్పుడు సర్దాడా అనుకుంటూ తెరిచింది.

తన బట్టలు మూడు జతలు. తన దువ్వెన, తన పాత కళ్ళజోడు. ఒక తువ్వాలు. ఒక గ్లాసు. ఆవిడ అన్నీ తీసి నేల మీద పెట్టి, అడుగు దాకా చెయ్యి పోనిచ్చి తడిమింది. ఆయన చొక్కా ఒక్కటీ లేదు.

తలుపు దగ్గర ఎదురింటి ఆవిడ నిలబడి ఉంది.

"వారం రోజులుగా నాచేత ఒక్కొక్కటే పెట్టించాడు వదినా. నీకు చెప్పొద్దన్నాడు."

"ఆయనవి?"

"అడిగా. తనవి తర్వాత చూసుకుంటానన్నాడు."

బస్సులమ్మ తీసినవన్నీ మళ్ళీ ఎలా ఉన్నవి అలాగే పెట్టేసింది. ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రెండు వారాలూ రోజూ బస్సు కడిగింది, పదిహేడో సీటు కింద ఇసుక తీసింది, ఎవర్నీ ఏమీ అడగలేదు. పాసుల తేదీ ఒక బుధవారం నాడు దాటిపోయింది.

సంచి గోడ పక్కనే ఉంది. దాని పిడి ఒక వైపు ఎప్పుడో తెగితే, మేస్త్రి సన్నటి తీగతో వరస తప్పకుండా బిగించి చుట్టి, పట్టుకున్న చేతికి గుచ్చుకోకుండా కొసను లోపలికి మడిచాడు.