ప్రేమ్‌నాథ్ గారి వ్యోమగామి

ఆదివారం ఆదివారం అలమేలు అంతరిక్షంలోకి వెళ్ళి రావాలి. వెళ్ళేలోపల సాంబారు దించాలి, అత్తకి మాత్రలివ్వాలి, వాషింగ్ మెషీన్లోంచి బట్టలు తీసి ఆరెయ్యాలి. ఆ తరవాత చేతులు తుడుచుకుని మేడెక్కి, మొగుడు ప్రేమ్‌నాథ్ చేసిన నౌకలో కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి.

నౌకంటే మరేం కాదు, అంబత్తూరు పాత ఇనుము కొట్టులో కొన్న రెండు పెద్ద పీపాలని కలిపి వెల్డింగ్ చేయించాడు. కిటికీకి తగ్గ గాజు దొరకలేదని గుండ్రంగా నీలం పెయింటు వేశాడు. తలుపు చుట్టూ రబ్బరు, గడియ బయటవైపు. మూసిపెట్టిన గాలి మనిషికి ఎంతసేపు సరిపోతుందో చూడడం పరీక్ష. మొదట్లో ఒకసారి తనే కూర్చున్నాడు. మూడో నిమిషంలో చెమటలు కక్కుతూ బయటపడి, లెక్కలు రాసేవాడు బయటుండాల్సిందేనని తేల్చాడు. అప్పట్నించీ, రెండేళ్ళుగా, గాలి పీల్చే పని అలమేలుది.

లోపల కూడా ఒక గడియ పెట్టమని అడిగింది. "ఎందుకు? నేనుండా కదా ఈడ," అన్నాడు. అత్తతో మొరపెట్టుకుంటే, "తాగేది లేదు, తిరిగేది లేదు, ఇంటిపట్టునుండి ఏదో చేసుకుంటా ఉండాడు. గంటసేపు కూర్చుంటే అరిగిపోతావా?" అంది. ఇంకెవరితో చెప్పుకుంటుంది? కొట్టే మొగుడైతే నలుగురూ అయ్యో అంటారు. చంద్రుడి దాకా పోదామంటున్న మొగుడి మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది? పైగా ఎవరైనా నవ్వితే ఆయన మొహం చిన్నబోతుందని జాలి. ఆ జాలే తన కొంప ముంచిందని ఆమెకి తెలుసు.

ఆ రోజు యాభై నిమిషాలయింది. రవికె ఒంటికి అతుక్కుపోయింది. ఇంకో పది నిమిషాలేగా అని ఓర్చుకుంటుండగా, లోపలికీ బయటికీ వైరుతో కలిపిన స్పీకర్లో కొత్త గొంతు వినిపించింది. నౌకని వీడియో తీయడానికి సాయంత్రం వస్తానన్న యూట్యూబ్ ఛానెల్ అతను, ఆంటో, పదకొండింటికే దిగాడు. ప్రేమ్‌నాథ్ పొంగిపోయి, తెలుగు రాని అతనికి తమిళంలో చెప్పుకుపోతున్నాడు.

"దీంట్లో కూర్చుని చూసేదెవరు సార్?" అనడిగాడు ఆంటో.

"నేనే. రెండేళ్ళుగా ప్రాణాలకి తెగించి నేనే కూర్చుంటా ఉండా."

"మీ మిసెస్ భయపడరా?"

"ఆమెకేం తెలుసు పాపం. కాఫీ బాగా పెడతాది. ఇప్పుడు గుడికి పోయుండాది."

అలమేలుకి ముందు కోపం రాలేదు. ఇప్పుడీ తలుపెలా తీస్తాడా అని అనుమానం వచ్చింది. తీస్తే గుడికి పోయిన పెళ్ళాం పీపాలోంచి బయటికొస్తుంది. అంటే ఆంటో వెళ్ళేదాకా తియ్యడు. అది అర్థమయ్యేసరికి స్పీకరు వైపు జరిగింది.

"ఏమండీ," అంది తెలుగులో, మెల్లగా. "గంట దాటింది. ఊపిరాడ్డం లేదు."

"ఎవరు సార్ అది?" అన్నాడు ఆంటో.

"కింద మా అమ్మ. మీకు కాఫీ కావాలా అంటా ఉండాది," అని తమిళంలో చెప్పి, ప్రేమ్‌నాథ్ స్పీకరు దగ్గరికొచ్చాడు. అదే నవ్వు గొంతుతో, తెలుగులో, "గమ్మునుండు అలమేలూ. ఇంకో అరగంట. నా పరువు తీయబాక," అన్నాడు.

అరగంట. ఆయన నోటుపుస్తకంలో గంటకి మించి ఎప్పుడూ రాసింది లేదు. తెలుగులో తను గొంతు చించుకున్నా ఆయన దాన్ని కాఫీ అనే చెబుతాడు. ఇన్నేళ్ళూ తన మాటలు బయటివాళ్ళకి చెబుతూ వచ్చింది ఆయనే కదా. జ్వరమంటే బద్ధకమని చెప్పాడు, ఏడిస్తే పుట్టింటి మీద బెంగ అని చెప్పాడు. అందరూ నమ్మారు, కొన్నాళ్ళకి తనూ నమ్మింది. అయ్యో, ఆయన పరువు పోతుందే అని ఇప్పుడు కూడా అనుకోబోయింది. అనుకోవడానికి గాలి చాల్లేదు.

స్పీకరుకి మొహం ఆనించి, ఆంటోకి అర్థమయ్యేలా తమిళంలో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సార్, రెండేళ్ళుగా దీంట్లో కూర్చునేది నేను. ఇప్పుడూ లోపలే ఉన్నాను. ఆయన్ని అడగొద్దు. మీరే తలుపు తీయండి."