బొట్టు అన్నం ముట్టని రోజులు

"పోపు మాడుతున్నది మాధవీ. ముక్కుల దూది పెట్టుకున్నవా?" అని హాల్లోంచి అత్తమ్మ కేకేసింది.

నేను పొయ్యి ముందే నిలబడి ఉన్నాను. మూకుడు నా కళ్లెదుటే ఉంది. ఆవాల చిటపట ఆగగానే కరివేపాకు వేయాలి, కరివేపాకు చప్పుడు తగ్గగానే పప్పు పోయాలి. నా వంటంతా చెవులతోనే నడుస్తుంది. ఆ పూట గోదాం దగ్గర మా పిల్లి బొట్టు తుమ్ముతుంటే చెవి అటు పోయింది. అంతే, పోపు నల్లబడింది.

ముక్కులో దూది పెట్టుకునే అవసరం నాకు లేదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంట్లో ముగ్గురం పడ్డాం. పడ్డామంటే వాళ్లిద్దరూ మంచాన పడ్డారు, నేను వంటింట్లో పడ్డాను. కషాయం, జావ, మళ్లీ కషాయం. ముగ్గురికీ వాసన పోయింది. మా ఆయన సోమేశ్వర్‌కు త్వరగానే తిరిగొచ్చింది. చాయ్ వాసన తగిలిందని కొడుకు చెప్పగానే అత్తమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. తర్వాత ఆమెకూ వచ్చింది. నాకు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఊరుకున్నానా అంటే అదీ లేదు, చెప్పాను. "వాసన రాకుంటే ఏమైతది, చేతులు మంచిగనే పనిచేస్తున్నయి గద" అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తకుండా. రెండోసారి చెప్పబోతే "అదే వస్తది తియ్" అన్నాడు. మూడోసారి చెప్పడానికి నాకు సిగ్గేసింది. తన ముక్కు గురించి ఒక మనిషి ఎన్నిసార్లు మొరపెట్టుకుంటుంది?

పైగా మా ఇల్లు అట్లాంటి ఇల్లు. దేవుడికి పెట్టకముందు వంట ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ఉప్పు చాలిందా లేదా అన్నది గిన్నె మీది ఆవిరి వాసన చూసి చెప్పాలి. అత్తమ్మకు ఆ విద్య ఉంది, చుట్టాలెవరొచ్చినా అది చెప్పుకోకుండా పంపదు. "మా కోడలు గూడ గంతే, ఎంగిలి పడకుంట ఉప్పు చెప్తది" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను వంటింట్లోకి తప్పుకుంటాను. ఉప్పుకు ఒక చెంచా పెట్టుకున్నాను, చింతపండు పులుసుకు ఒక గ్లాసు, అదీ నా విద్య. ఇక నా తిండి సంగతి. ఉప్పూ పులుపూ కారం తెలుస్తాయి, ఆపైన ఏమీ లేదు. మామిడికాయ పప్పుకూ టమాట పప్పుకూ నాకు తేడా రంగులోనే. నాలుగు ముద్దలు మింగి చేయి కడుక్కుంటాను. జాకెట్లన్నీ వదులయ్యాయి. "ఈ వయసుల డైటింగేందే" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేయను.

మాది మానుకోటలో మిర్చి వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పక్కనే గోదాం. మా అమ్మాయి ప్రసన్న చదువుకోవడానికి హనుమకొండ హాస్టల్‌కు వెళ్లిన ఏడాదే, గోదాంలోకి ఒక పిల్లి కూన వచ్చింది. తెల్లటి ఒళ్లు, నుదుట నల్లమచ్చ. సెలవులకు వచ్చిన ప్రసన్న దానికి బొట్టు అని పేరు పెట్టింది. ఎలుకలు బస్తాలు కొరకకుండా ఉంటాయని మావాళ్లు దాన్ని ఉండనిచ్చారు. పొద్దుటిపూట పెరుగన్నం, మిగిలింది అది వేటాడి తెచ్చుకునేది. ఇంట్లో నేను ఏ గదిలో ఉంటే ఆ గది గడప మీద పడుకునేది. ఏమీ అడగకుండా నాతో ఉన్నది ఆ ఇంట్లో అదొక్కటే.

మొన్న సీజన్‌లో గోదాం నిండా మిర్చి దిగింది. ఆ ఘాటుకు మనుషులమే దగ్గి చస్తాం, ఇంక దాని సంగతి చెప్పాలా. తుమ్ములు, కళ్లెంట నీళ్లు, ముక్కుకు చెక్కు కట్టింది. తర్వాత తిండి మానేసింది. పెరుగన్నం ముందు పెడితే గిన్నె దగ్గరికి వచ్చేది, మూతి వంచేది, ఏదో మరిచిపోయినట్టు నిలబడి మళ్లీ వెనక్కి పోయేది. చేతితో తినిపించబోతే తల తిప్పుకునేది. వీపు నిమిరితే ఎముకలు చేతికి తగిలేవి.

"ఎలుకల్ని పట్టని పిల్లికి అన్నమెందుకు? సంచిల ఏసి మిర్చి యార్డు దిక్కు ఇడిసిపెట్టియ్" అంది అత్తమ్మ.

"జర సరుకు కదలనీ అమ్మా, హమాలీకి చెప్త" అన్నాడాయన.

ఒకరోజు గుడికని చెప్పి, కూరగాయల బుట్టలో బొట్టును పెట్టి పైన తువ్వాలు కప్పి పశువుల దవాఖానకు పోయాను. అక్కడన్నీ మేకలు, బర్రెలు. నర్సింహులపేట నుంచి మేకను తోలుకొచ్చిన ఒక ముసలాయన బుట్టలోకి చూసి, "పిల్లికి గూడ దవాఖానేనా బిడ్డా" అన్నాడు. డాక్టరు చిన్న వయసు ఆడపిల్ల. ఆమె నవ్వలేదు. బొట్టును బల్ల మీద పెట్టుకుని పక్కటెముకలు తడిమింది.

"ఎప్పటి సంది తింటలేదమ్మా? ఇదివరకు ఏం ఇష్టంగ తినేది? తినేకాడ ఎవరన్న బెదిరిస్తున్నరా?"

ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. తినేచోట బెదిరింపు ఉందా అని కూడా అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"ముక్కు మొత్తం మూసుకపోయింది. పిల్లి నోటితోని కాదమ్మా తినేది, ముక్కుతోని. వాసన తగలకుంటే దానికి గిన్నెల అన్నం ఉన్నా లేనట్టే."

"ఆకలి కాదా మరి?"

"ఎందుకు కాదు, అయితది. తిన బుద్ధి కాదు. ఇట్లనే ఎండితే కాలేయం దెబ్బతింటది, బతకదు."

నాకూ అంతే డాక్టరమ్మా, అని నోటిదాకా వచ్చింది. వెనక మేక అరుస్తోంది. పశువుల దవాఖానలో ఆ మాట ఎట్లా అంటాను? మింగేశాను.

ఆమె మందు రాసింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో దూది ముంచి ముక్కు తుడవాలి. పెరుగన్నం దండగ. ఘాటుగా వాసన వచ్చేది ఏదైనా వేడివేడిగా కొంచెం కొంచెం పెట్టాలి. చేప గానీ, గుడ్డు గానీ, కోడి ఉడికించిన నీళ్లు గానీ.

"మా ఇంట్ల తినమమ్మా."

"మీరు తినకుండ్రి. పిల్లికి పెట్టుండ్రి."

చెప్పడానికి బాగానే ఉంది. గుడ్డు కూడా గడప దాటని ఇల్లది. గోదాంలో మిర్చి తొడిమలు తీసే యాకమ్మ దగ్గర నా గోడు వెళ్లబోసుకుంటే, మర్నాడు కొంగులో కట్టి ఎండు చేపలు తెచ్చిచ్చింది. "అక్కా, కవర్ల మీద కవర్లు సుట్టి పెట్టు. లేకుంటే వాసనకు మీ అత్త నిన్ను బతకనియ్యదు" అంది. నేను ఒక్క కవర్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, వెనక గదిలో చెక్క బీరువా అడుగున పాత దుప్పట్ల కింద దాచాను. డబ్బా మూత సొట్టపోయి సరిగా పట్టదు. కంటికి కనిపించకపోతే చాలుననుకున్నాను. వాసన అనేది ఒకటి ఉంటుందని, దానికి మూతలూ తలుపులూ లెక్కలేదని నేను మరిచేపోయాను.

మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీసేటప్పుడు ఒక చేప ముక్కను వేడినీళ్లలో నానబెట్టి, బొట్టు ముక్కు తుడిచి, అరచేతిలో పెట్టి దాని మూతి దగ్గర పట్టుకునేదాన్ని. మొదటిరోజు తల తిప్పుకుంది. తర్వాతా అంతే. "తినవే, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. ఏడ్చాను కూడా. మంచి తిండో కాదో నాకు తెలియదు, దానికీ తెలియదు. మేమిద్దరం ఆ ముక్క ముందు కూర్చుని ఏం చేయాలో తోచక ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. చెంచాతో ఆ నీళ్లు కొంచెం గొంతులో పోస్తే సగం కక్కేది.

ఇంతలో ఇంట్లో గోల మొదలైంది. "యాడనో ఎలుక సచ్చింది, కంపు కొడ్తున్నది" అంది అత్తమ్మ. ఆయన హమాలీలను పిలిచి బస్తాలన్నీ జరిపించాడు. మంచాలు లేపించాడు. నేనూ టార్చి పట్టుకుని మోకాళ్ల మీద అల్మారాల కింద వెతికాను. నిజంగానే వెతికాను. ఆ కంపు నేను దాచిందేనని నాకు తట్టనే లేదు. నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు. "పిల్లిని పెట్టుకొని సచ్చిన ఎలుకను మనం ఏరుకోవాల్నా? రేపు హమాలీకి చెప్పు" అంది అత్తమ్మ. ఆయన సరే అన్నాడు.

ఆ రోజే మధ్యాహ్నం, ఆయన భోజనం చేసి లేస్తుండగా, వెనక గదిలోంచి బరబరమని చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే బొట్టు. చెక్క బీరువా ముందు నిలబడి తలుపును గీరుతోంది. ముక్కు తడిగా, నల్లగా మెరుస్తోంది. మూతి పైకెత్తి గాలి పీలుస్తోంది, మీసాలు వణుకుతున్నాయి. దానికి వాసన తెలుస్తోంది. సంతోషంతో నేనింకా తేరుకోలేదు, అత్తమ్మ వచ్చి "ఎలుక గిండ్లనే ఉన్నది" అంటూ తలుపు తీసింది. దుప్పట్లు లాగితే డబ్బా కింద పడింది, మూత ఊడింది, చేపలు గచ్చు మీద పరుచుకున్నాయి.

అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా పోయింది. ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని చూశాడు, చేపలను కాదు, నన్ను.

"ఇన్ని దినాలు గీ కంపుల ఎట్ల తిరిగినవే?"

"నాకు వాసన రాదండి."

"రాదంటే?"

"కరోనా సంది రాదు. చెప్పిన మీకు."

ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదని మొహం చూస్తే తెలిసిపోయింది.

"మరి నైవేద్యం?" అంది అత్తమ్మ. "ఉప్పు ఎట్ల చూస్తున్నవ్?"

"గ్యాసు లీకైతే ఎట్ల? ఇంట్ల అందరం ఉంటం గద" అన్నాడాయన. "ఇన్నేండ్లు మరి మాకేం వండిపెట్టినవ్?"

ఇంకొక్క ప్రశ్న మిగిలి ఉంది. దాని కోసం నేను ఆగాను. పశువుల దవాఖానలో ఆ డాక్టరు బల్ల మీద పిల్లిని పెట్టుకుని మొట్టమొదట తిండి గురించే అడిగింది, అట్లాంటి ప్రశ్న. మరి నువ్వెట్ల తింటున్నవ్, అని. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అడగలేదు.

"ముందుగాల ఇయ్యన్ని ఎత్తి బయట పారెయ్. ఇల్లంత కడిగి పసుపు నీళ్లు సల్లు" అంది అత్తమ్మ.

"పిల్లి రేప్పొద్దుగాల్ల యార్డుకు పోతది" అన్నాడాయన.

బొట్టు వీటిలో ఏదీ వినలేదు. చేపల మధ్యకు పోయి, ఒకదాన్ని మూతితో జరిపి వాసన చూసింది, తల పక్కకు వంచి కరకర నమిలింది. దాని పక్కటెముకలు ఇంకా పైకి కనిపిస్తూనే ఉన్నాయి. ఎన్నాళ్లకో దాని నోటి చప్పుడు విన్నాను. రేపు హమాలీ సంచి పట్టుకుని వస్తే ఏం చేయగలనో నాకు తెలియదు. నాకంటూ ఒక గది లేదు, దాన్ని దాచడానికి ఆ బీరువా తప్ప ఇంకో చోటు లేదు. కానీ ఈ పూట అది తింటోంది. తినేకాడ దాన్ని ఎవరూ బెదిరించొద్దు. నేను బొట్టు పక్కన గచ్చు మీద కూర్చున్నాను.

"ఏందే కూసున్నవ్? లేసి తియ్యి" అన్నాడాయన, తువ్వాలులోంచి.

"నాకు ఏ కంపూ లేదండి" అన్నాను. "వాసన వచ్చేటోళ్లే తియ్యుండ్రి. అది తిన్నంక."