నా నెత్తిన ఊరమిరపకాయలు

నేను ఒక బండి ఇంటి కప్పును. బండి ఇల్లంటే కారవాన్. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉంటాయి. నా నివాసం కువైటు ఎడారి. మరి ఈ తెలుగెక్కడిదంటారా? నా కింద వంట చేసే చెంగల్రాయుడిది రాజంపేట. తిరగమోత పెడుతూ తనతో తానే మాట్లాడుకుంటాడు. ఎనిమిదేళ్లు వింటే రేకుకైనా భాష పట్టుబడుతుంది.

నన్ను బిగించిన రోజున కార్ఖానాలో గంటసేపు గొట్టంతో నీళ్లు కొట్టి, చుక్క దిగలేదని చప్పట్లు కొట్టారు. వానల కోసమే పుట్టానని మురిసిపోయాను. తీరా ఓడ దిగితే ఇక్కడ వాన ఏడాదికి నాలుగైదు సార్లు! మిగతాదంతా ఎండే. మీ ఊరి ఎండ లాంటిది కాదు. ఓ మధ్యాహ్నం పిచ్చుక ఒకటి నా మీద వాలింది. కుడికాలు ఎత్తింది, ఎడమకాలు ఎత్తింది, ఆఖరికి రెండూ ఎత్తేసి నిలబడింది. నమ్మకపోతే మీ ఇష్టం.

నన్ను మొదట కొన్న ఇంజనీరు ఏడాదికే విసిగి అమ్మేశాడు. తర్వాత బదర్ అనే ఆసామి తన తల్లి కోసం కొన్నాడు. ఆవిడ పేరు లుల్వా. మన చెంగల్రాయుడి నోట్లో లుల్వమ్మ. ఎడారి గుడారంలో పుట్టిన మనిషి. చలికాలం నాలుగు నెలలూ ఇసుకలో గడపకపోతే ఆవిడకు అన్నం సహించదు. అయితే ఊపిరితిత్తులు బలహీనం, పక్క తడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. బదర్ ఒకే మాటన్నాడు: "అమ్మా, నీ మంచం మీద ఒక్క చుక్క పడినా ఈ బండి అమ్మేస్తాను. నువ్వు ఊళ్లో ఇంట్లోనే ఉండాలి."

బండి పోతే ముసలమ్మకు ఎడారి లేదు, చెంగల్రాయుడికి కొలువు లేదు. నా సంగతి సరేసరి.

నవంబరులో సన్నగా జల్లు పడింది. ఉల్లిపాయలు తరుగుతున్న చెంగల్రాయుడి బట్టతల మీద టప్పుమని చుక్క! పైకి చూశాడు. గాలి కోసం నా నడినెత్తిన కోసిన కిటికీ అంచున ఇంకో చుక్క ఊగుతోంది. మంచానికి జానెడు దూరం. బయట ఇసుకలో కూర్చున్న లుల్వమ్మ ఇంకా చూడలేదు. చెంగల్రాయుడు ఆ చుక్కను వేలితో అందుకుని నాలుక మీద వేసుకున్నాడు. వంటవాడు కదా, ఏదైనా నాలుకతోనే తేలుస్తాడు. కళ్లు గుండ్రంగా తిరిగాయి.

"ఓరి దేవుడా! ఇది వాననీళ్లు కాదురా ఖాదరూ, నా ఊరమిరపకాయలే!"

డ్రైవరు ఖాదర్ బాషాది రాయచోటి. "ఏమన్నా, ఎండ తలకెక్కిందా?" అంటూ వచ్చాడు.

"ఉప్పగా, పుల్లగా, కారంగా ఉండాది. కావాలంటే నువ్వూ నాకి సూడు."

ఆ మాట విని నేను సిగ్గుతో చచ్చాను. వేసవిలో బండి ఖాళీగా ఉన్నప్పుడు ఈ మహానుభావుడు మజ్జిగలో ఊరేసిన మిరపకాయల్ని నా వీపు మీద పరిచేవాడు. పొద్దున పచ్చగా పడుకున్న కాయ మధ్యాహ్నానికి గలగలలాడేది. "ఈ ఎండ మా ఊర్లో దొరకదప్పా" అని మురిసేవాడు. ఆ ఎండకే కిటికీ చుట్టూ ఉన్న రబ్బరు బంక నెర్రెలిచ్చింది. ఉప్పు మజ్జిగ ఆ నెర్రెల్లోకి దిగి స్క్రూలను తినేసింది. అరిచి చెప్పడానికి నాకు నోరేదీ?

"పై వారం శుక్రారం బాబా వస్తాడన్నా," అన్నాడు ఖాదర్. బాబా అంటే బదరే. వెంటనే ఖాదరే సిలికాన్ బంక గొట్టం తెచ్చి, మిట్టమధ్యాహ్నం కాలుతున్న నా మీద, పాత బంక పైనే పిండేశాడు. అది బుడగలెత్తి సాయంత్రానికి పాము కుబుసంలా ఊడి చేతికొచ్చింది.

"నీ వల్ల కాదులే, నేను జేస్తా సూడు," అన్నాడు చెంగల్రాయుడు. ఏం చేశాడో చెబితే మీరూ నోరు తెరుస్తారు. మినప్పిండి! మెత్తగా రుబ్బి, సున్నం కలిపి, మా తాత మేడ కప్పుకి ఇదే మెత్తినాడంటూ అరచేయంత మందాన నా మీద వేశాడు. రెండు రోజుల్లో ఎండి రాయయింది. వడియాలు చూశాను గానీ బండి చక్రమంత వడియం నేనెన్నడూ చూడలేదు. రేకు నేను ఎండకు సాగుతాను, చలికి ముడుచుకుంటాను. వడియం ముడుచుకుంటుందా? అంచులు పైకి లేచాయి. ఇంతలో పక్క గుడారం వాళ్ల ఒంటె వచ్చి, మెడ చాచి, దాన్ని ఊడపెరికి కరకరా నమిలేసింది! చెంగల్రాయుడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"కారం తక్కువైందేమో అడగన్నా," అన్నాడు ఖాదర్.

"మూసుకోరా నాయనా." చెంగల్రాయుడు నా మీదికెక్కి చతికిలబడ్డాడు. నెర్రెలను వేలితో తడిమాడు. "మాడిన పెనం మీద దోసె పోస్తే లేస్తాదా? ముందు పెనం తోమాల. ఆ బుద్ధి నాకు ముందే ఉండాల్సింది."

పాత బంకంతా చెక్క గరిటెతో గీకేశాడు. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగాడు. రెండు రోజులు ఆరబెట్టాడు. తుప్పుపట్టిన స్క్రూలు పీకి తుప్పు పట్టనివి బిగించాడు. మర్నాడు సూర్యుడు రాకముందే, నేను చల్లగా ఉన్నప్పుడు, కొత్త రబ్బరు బంక నింపి, పైన పట్టీ అంటించి, తెల్ల రబ్బరు పెయింటు రెండు పూతలు వేశాడు. బంక బిగిశాక బిందెలకొద్దీ నీళ్లు నా మీద పోస్తుంటే కింద ఖాదర్ వెల్లకిలా పడుకుని నోరు తెరిచి చూశాడు.

"చుక్క లేదన్నా! నోరు ఎండిపోయింది!"

శుక్రవారం బదర్ వచ్చాడు. అతని వెనకే మబ్బులు. మధ్యాహ్నం మూడింటికి కురిసింది చూడండి, నా పుట్టుకలో ఎరగని వాన! వడగళ్లు కూడా. బదర్ కిటికీ కింద నిలబడి పైకే చూస్తున్నాడు. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని చెంగల్రాయుడూ పైకే చూస్తున్నాడు. పావుగంటైంది. చుక్క లేదు. బదర్ తల దించి మంచం వైపు చూసి అదిరిపడ్డాడు.

మంచం తడిసి ముద్దైంది!

"చెంగల్!" అని కేకేశాడు. వేలు నా వైపే. నా రేకులన్నీ జలదరించాయి. అయ్యా, నేను కాదు! చెంగల్రాయుడు నేల చూశాడు. తడి అడుగులు తలుపు నుంచి మంచం దాకా, మళ్లీ తలుపు దాకా ఉన్నాయి. అందరూ పైకి చూస్తున్న వేళ లుల్వమ్మ బయటికి పోయి నిండా తడిసి, లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, మనసొప్పక మళ్లీ వెళ్లిపోయింది. తలుపు తీస్తే ఆవిడ వానలో చేతులు చాచి నిలబడి ఉంది.

"అమ్మా! నీ ఊపిరి! లోపలికి రా!"

"ఈ ఊపిరి కోసమేరా ఏడాదంతా ఊపిరి బిగబట్టి బతికింది," అందావిడ. "బండి అమ్ముతావో, నన్నమ్ముతావో రేపు చూద్దాం. ముందు బయటికి రా."

బదర్ గొడుగు పట్టుకుని పరుగెత్తాడు. గాలికి గొడుగు ఎగిరిపోయింది. దాని వెంట ఖాదర్, తువ్వాలు పట్టుకుని చెంగల్రాయుడు. కాసేపటికి బదర్ నవ్వడం విన్నాను. అతను నవ్వగా అదే మొదటిసారి వినడం.

చుక్క కారకుండా నేను నిలబడ్డ ఆ పెద్ద వానలో, నా కింద ఒక్కరంటే ఒక్కరు లేరు.