తిరుగు ప్రయాణపు గుడ్డు

తడిగుడ్డ పిండి, బెంచీల కింద మరోసారి తుడిచింది ఒక్సెన్యా. పందొమ్మిదేళ్లుగా ఈ బస్టాండులో ఆమె పని ఇదే. వేళ్లు నీళ్లలో నాని ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. గోడమీది బస్సుల పలకలో పెట్సెరి ఊరి పేరు ఇంకా ఉంది, రోజూ తిరిగే బస్సే లేదు. తమ సెటో జనాల నేలను ఎస్టోనియాకి కొంత, రష్యాకి కొంత పంచి కంచె వేశాక, అవతల రష్యా వైపు పడ్డ పెట్సెరికి ఆ బస్సు ఏడాదికొక్కసారి, మరియమాత పండుగనాడే కదులుతుంది. అది ఇవాళే.

చీపురు మూలన పెట్టి సంచి తీసుకుంది. రొట్టె, జీలకర్ర జున్ను, రెండు ఉడికిన గుడ్లు. ఒకటి సమాధి దగ్గర మొగుడితో పంచుకోవడానికి, ఒకటి తిరిగొచ్చేటప్పుడు తినడానికి.

"ఏమక్కా, ఈసారైనా బావ జున్ను బాగుందంటాడా?" అంది పక్కింటి నాస్తా, తనూ బస్సెక్కుతూ.

"బతికుండగానే అనలేదు, ఇప్పుడంటాడా!"

శ్మశానంలో మొగుడు ఓలెక్సి పక్కన తన కోసం ఉంచిన జాగా గురించే ఆమె దిగులంతా. చచ్చినవాళ్లను కంచె దాటించాలంటే ఏడు కాగితాలు కావాలని ఆఫీసువాడు మూడుసార్లు తిప్పి పంపాడు. "బతికున్నదానికి ఒక్క ముద్ర చాలు, చచ్చినదానికి ఏడా? దొంగసరుకేమైనా మోసుకుపోతానటయ్యా?" అని అరిచి వచ్చింది కానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

పెట్సెరిలో దిగుతూ, కిటికీ సీటు ఎవరూ ఆక్రమించకుండా రెండో గుడ్డును రుమాల్లో చుట్టి అక్కడ పెట్టింది.

శ్మశానంలో అందరూ తమవాళ్ల సమాధుల మీద తెల్లగుడ్డలు పరిచి భోజనాలకు కూర్చున్నారు. ఒక్సెన్యా కలుపు పీకి, గుడ్డు ఒలిచి, సగం ఓలెక్సికి పెట్టి సగం తను తిన్నది. అక్కడే కాపురముంటున్న మరిది వచ్చి పలకరించి వెళ్లాడు.

"కాళ్లు లాగుతున్నాయే నాస్తా, కాస్త నడుం వాలుస్తా" అని ఆ ఖాళీ జాగాలో పడుకుంది.

బస్సు హారన్ కొట్టింది. అందరూ లేచారు. ఆమె లేవలేదు. నాస్తా వెళ్లి భుజం తట్టింది. ఒళ్లు చల్లబడి ఉంది. మరిది పరుగున వచ్చి తల దగ్గర కూలబడ్డాడు.

సరిహద్దు దగ్గర సిపాయి జాబితా చూశాడు. వచ్చింది ఇరవై ముగ్గురు, ఉన్నది ఇరవై ఇద్దరు. సంగతి విని తల గోక్కున్నాడు.

"శవాన్ని మీ వైపు తీసుకెళ్లాలంటే కాగితాలు కావాలమ్మా."

"ఎన్ని? ఏడేనా?" అంది నాస్తా.

"ఏడు."

నాస్తా ఏడుస్తూనే నవ్వేసింది. "ఒక్కటీ వద్దు బాబూ. ఆవిడ చోటు ఆవిడకు దొరికింది. మరిది చూసుకుంటాడు."

బస్సు కదిలింది. కిటికీ సీటులో ఎవరూ కూర్చోలేదు. రుమాల్లో గుడ్డు, పెంకు ఒలవకుండా, అలాగే ఉంది.