వెనక గేటు ఇనుము

పదకొండో రింగా ఇది, పన్నెండోదా, లెక్క తప్పింది, తప్పితే తప్పనీ, కర్టెను రింగులు కడ్డీకి ఎక్కించడంలో ఇంత సంతోషం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, స్టూలు మీద నేను, స్టూలు కాళ్లు పట్టుకుని కింద మా ఆయన, మా ఆయన అన్న మాట ఆరు వారాలైనా కొత్త చెప్పులా కరుస్తూనే ఉంది, కరిచినా విప్పబుద్ధి కాదు, ఎడమవైపు కాస్త వాలిందోయ్ అంటాడు, వాలింది కడ్డీ కాదు నీ మెడ అంటాను నేను, అప్పుడే కిటికీ గట్టు మీద ఫోను గిరగిరా తిరుగుతూ మోగింది, మేనేజరు గారు, ఆదివారం మధ్యాహ్నం మా స్టీలు ఫ్యాక్టరీ మేనేజరు గారు ఫోను చేశారంటే ఫర్నేసు ఆగిపోయి ఉండాలి, లేదా, అమ్మాయ్, వచ్చేసింది, సర్టిఫికెట్ వచ్చేసింది, ఇప్పుడే మెయిలు చూశాను, మన స్టీలు ఇక పచ్చ స్టీలు, పర్యావరణానికి మంచిదని ముద్ర పడిపోయింది, ఇక మన కడ్డీలు ఎక్కడికైనా తలెత్తుకుని వెళ్తాయి, అంతా నీ చేతి చలవేనమ్మా, అని ఆయన అరుస్తుంటే వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు, వాళ్లింట్లోవాళ్లే అయ్యుంటారు, నాకు కూడా ఒళ్లంతా ఝల్లుమంది, పదహారు నెలల పని, ఎన్ని ఫైళ్లు, ఎన్ని పట్టికలు, ఎన్నిసార్లు హెల్మెట్ పెట్టుకుని దుమ్ము కొలిచే పెట్టె దగ్గర నిలబడ్డాను, చేతిలో మిగిలిన రింగులన్నీ జారి మా ఆయన నెత్తిన గలగలా పడ్డాయి, వడగళ్ల వానా అన్నాడు తను తల తడుముకుంటూ, కాదు, సర్టిఫికెట్ వచ్చింది అన్నాను, తను స్టూలు వదిలేసి చప్పట్లు కొట్టాడు, స్టూలు ఊగింది, నేను ఊగాను, ఇద్దరం నవ్వాం, ఆ నవ్వు సగంలో ఉండగా మేనేజరు గారు అన్నారు, రేపు పదకొండు గంటలకు, మన ముందు గేటు దగ్గర, బోర్డు ఆవిష్కరణ, మనల్ని పరీక్షించిన ఆడిటరు గారే వచ్చి తెర తీస్తారు, మంచి బట్టలు కట్టుకుని రా, ఇంకా, ఆ వెనక గేటు సంగతి మనసులో పెట్టుకోకు, అది అయిపోయిన పెళ్లి.

వెనక గేటు, ఆ రెండు మాటలతో నోట్లో తీపి కాస్తా ఇనుప రుచి అయిపోయింది, మూడు రోజులుగా ఆ రుచిని నాలుక కింద దాచుకుని తిరుగుతున్నాను, గురువారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని కాటా గది మెట్ల మీద కూర్చున్నానా, అక్కడ లారీలు తూచే అక్కను అందరూ కాటా అక్క అంటారు, పదిహేనేళ్లుగా ఆమె తూచని లారీ ఫ్యాక్టరీలోకి రాలేదు, ఏం పిల్లా, పెళ్లి చేసుకుని మొగుడితో ఊరంతా తిరుగుతున్నావట, మీ మిల్లు ముక్కలు కూడా నీలాగే, నాలుగు నెలలు ప్రహరీ చుట్టూ షికారు కొట్టి సొంతింటికే చుట్టాలై దిగాయి, అంది, నేను కూడా పకపకా నవ్వి, ఆ నవ్వు మధ్యలో ఆగి, ఏ ముక్కలక్కా అన్నాను, ఏ ముక్కలేంటే, మిల్లులో కడ్డీల కొసలు కోస్తే మిగిలే ముక్కలు, లోపలి రోడ్డు మురుగుకాలువకని తవ్వి వదిలేశారుగా, మిల్లు లారీలు వెనక గేటులోంచి వీధిలో పడి, చుట్టూ తిరిగి, ముందు గేటులోంచి ఫర్నేసుకు వచ్చేవిగా, ముందు గేటు దాటిన ప్రతిదాన్నీ నేను తూచాల్సిందేగా, అంది, కాటా మీద ఎక్కిన ప్రతి ఇనుమునూ కంప్యూటరు ఒకే పేరుతో రాసుకుంటుంది, బయటి ఇనుము, దానికి తెలిసింది అంతే పాపం, ఆ అంకెను తెచ్చి పట్టికలో పెట్టిందెవరు, నేను, ఆ పట్టికను ఆడిటరు చేతిలో పెట్టిందెవరు, నేను, టీ చల్లారిపోయింది, కాటా అక్క నా మొహం చూసి, ఏమైందే, మొగుడు గుర్తొచ్చాడా అంది.

ఆ సర్టిఫికెట్‌కు ఉన్నది చిన్న నియమం, చంటిపిల్లకు చెప్పినా అర్థమవుతుంది, ఫర్నేసులో వేసే ఇనుములో నూటికి డెబ్బై అయిదు పాళ్లు జనం వాడి పారేసిన పాత ఇనుము అయ్యుండాలి, తుప్పుపట్టిన గేట్లు, విరిగిన మంచాలు, చచ్చిపోయిన బస్సులు, అప్పుడే గనులు తవ్వడం తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, మన మిల్లులో మనం కోసుకున్న ముక్కలు లెక్కలోకి రావు, మన కంచంలో వదిలిన మెతుకులు మనమే తిని అన్నదానం చేశామంటే ఎవరొప్పుకుంటారు, నేను పెట్టిన అంకె డెబ్బై ఎనిమిది, వెనక గేటు లారీలు తీసేస్తే డెబ్బై ఒకటి, గురువారం భోజనం మానేసి మూడుసార్లు చేశాను ఆ లెక్క, మూడుసార్లూ డెబ్బై ఒకటే, మొండిది, నాలాగే.

ఆడిటరు గారు అడిగారు కూడా, అదే గుచ్చుతోంది, అడగకపోయి ఉంటే వేరు సంగతి, రెండు నెలల క్రితం, సన్నగా, వేణ్నీళ్లు తప్ప ఏమీ తాగని మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఈ ఇనుమంతా బయటినుంచి వచ్చిందేనా అమ్మా అని అడిగారు, సరిగ్గా అప్పుడే ఒళ్లో ఫోను వణికింది, తను, అప్పటికి ఇంకా మా ఆయన కాడు, ఒక ఫోటో పంపాడు, అద్దెకు తీసుకున్న ఇంట్లో, ఖాళీ గూట్లో, ఒక గ్లాసు, గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు, ఒకటి నీలం, ఒకటి గులాబీ, కింద ఒకే మాట, వచ్చెయ్, నా చెవులు వేడెక్కాయి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని, అవునండీ, అంతా బయటిదే, అన్నాను, చూడకుండా, ఆలోచించకుండా, అంత హాయిగా, ఆవిడ నా మొహం చూసి చిన్నగా నవ్వి టిక్కు పెట్టారు, ఆ నవ్వు నన్ను నమ్మిన నవ్వు, ఆ పట్టిక కింద తయారుచేసినవారు అన్నచోట నా సంతకం, పుట్టింటి ఇంటిపేరుతో నేను పెట్టిన చివరి సంతకం అదే, ఆ మర్నాటి నుంచి పెళ్లి సెలవు, నాన్న ఆ ఇంటిపేరుతో ఎక్కడ సంతకం పెట్టినా పైనుంచి కింది దాకా చదివి కానీ పెట్టేవాడు కాదు, బస్సు పాసు కాగితమైనా సరే, మేం పక్కన నిలబడి కాళ్లు పీకి చచ్చేవాళ్లం.

శుక్రవారం మేనేజరు గారి గదిలోకి వెళ్లి చెప్పాను కదా, దాచలేదు కదా, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పేపర్‌వెయిట్ బొంగరంలా తిప్పి, చూడమ్మా, ఇనుము ఇనుమే, కరిగాక దాని పుట్టిల్లేదో మెట్టినిల్లేదో ఎవరికి తెలుస్తుంది అన్నారు, నాకు తెలుస్తుంది సార్ అన్నాను, నీకు తెలిస్తే నీ దగ్గరే ఉంచుకో, ఎవడి సొమ్మూ మనం దొంగిలించలేదు, వచ్చే ఏడు మళ్లీ తనిఖీ ఉంటుంది, అప్పటికి సర్దేద్దాం, కొత్తగా పెళ్లైనదానివి, హాయిగా ఉండక నీకెందుకమ్మా ఈ గోల, అన్నారు, అమ్మ కూడా అదే పాట, ఫోనులో చెబితే, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, కొన్నాళ్లు ఆ నోరు కుట్టేసుకోవే తల్లీ, ఉద్యోగం ఊడితే అతను ఏమనుకుంటాడు, అంది, కొత్త పెళ్లికూతురు, కొత్త పెళ్లికూతురు, ఏమిటండీ ఇది, పెళ్లి చేసుకుంటే మనిషికి ఎక్కాలు మరిచిపోయే హక్కు వస్తుందా, సంతోషంగా ఉన్నదానికి నిజం పడదా, జలుబు చేసినవాళ్లకు చన్నీళ్లు పడనట్టు, నాకు సంతోషంగానే ఉంది, కర్టెన్లు లేత పసుపు, గూట్లో రెండు బ్రష్‌లు, పొద్దున్నే కుక్కరు కూత వేస్తే మా ఆయన రైలొచ్చింది ఎక్కు ఎక్కు అని అరుస్తాడు, దానికి కూడా రోజూ కొత్తగా నవ్వుతాను, ఇంత సంతోషం నోరు మూసుకుంటేనే నిలుస్తుందంటే అది సంతోషమా, అద్దె ఇల్లా.

ఏంటి, ఫోను పెట్టేసి పది నిమిషాలైంది, స్టూలు మీద బొమ్మలా నిలబడ్డావు, దిగు, అంటున్నాడు తను, దిగాను, నేల మీద కూర్చున్నాం, చుట్టూ రింగులు, తనకూ గురువారం నుంచి తెలుసు, కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించేవాడు, తొందర ఉండదు, ఉద్యోగం పోతే అన్నాను నేనే, పోతే మా షాపుకు రా, అద్దాలు తుడుద్దువుగాని, మా ఓనరు నిన్ను రెండు రోజులకు మించి భరించలేడు, నన్ను కూడా గెంటేస్తాడు, అన్నాడు, మొదటిసారి కలిసినప్పుడు తను చెప్పిన కథ గుర్తొచ్చింది, ఒక బస్సు డ్రైవరుకు కుడి అద్దం ఎడమకూ ఎడమ అద్దం కుడికీ బిగించి ఇచ్చేశాడట, సాయంత్రం కార్డు సర్దుతుంటే తెలిసిందట, ఓనరు తలనొప్పి వస్తే వాడే వస్తాడ్లే అన్నాడట, తను డిపోకు వెళ్లి, అరవై బస్సుల మధ్య ఆ డ్రైవరును వెతికి, ముక్కు మీది జోడు లాక్కున్నాడట, ఆయన తిట్టలేదా అని అడిగాను, తిట్టాడు, తర్వాత మార్చిన జోడు పెట్టుకుని బస్సు నంబరు చదివి, టీ ఇప్పించాడు, అన్నాడు, ఆ టీ దగ్గరే నేను పడిపోయాను, ఇతన్నే చేసుకోవాలనుకున్నాను, మంచివాడని కాదు, ఆ డ్రైవరు ముక్కు మీద నుంచి జోడు లాక్కునేంత తెగువ ఉందని.

అయినా డెబ్బై ఒకటికి ఏం తక్కువ, అని పైకే అనేశాను, ఏంటి అన్నాడు తను, డెబ్బై ఒకటి, నిరుడు అరవై రెండు, అరవై రెండు నుంచి డెబ్బై ఒకటికి తెచ్చింది ఎవరనుకుంటున్నావ్, యార్డులో పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఎండలో, గ్లౌజులు చిరిగేదాకా, పాత మోటార్లు విప్పి రాగి తీగ లాగి పక్కన పడేసి, ఎందుకంటే రాగి కలిస్తే కడ్డీ పగులుతుంది, ఇదివరకు తలనొప్పి ఎందుకని ఆ మోటార్లే కొనేవారు కాదు, వీళ్లు కూర్చుని విప్పుతామంటేనే కొన్నారు, వాళ్లలో పెద్దావిడ, అయస్కాంతం తాడుకు కట్టి మెడలో వేసుకుని తిరుగుతుంది, ఇదే నా హారం అంటుంది, ఒకసారి నా హెల్మెట్‌కు దాన్ని ఆనించి, నీ తలలో ఇనుము లేదమ్మాయ్, అతుక్కోవట్లేదు, అని నవ్వించింది, ఆ తొమ్మిది పాళ్లు వాళ్లవి, చేత్తో ఏరినవి, ఒక్కొక్కటీ, ఆ మీది ఏడు పాళ్లు ఒక గొయ్యివి, తవ్వి వదిలేసిన గొయ్యి చుట్టూ లారీ తిరిగితే పుట్టినవి, రేపు బోర్డు మీద డెబ్బై ఎనిమిది అని ఎక్కితే వాళ్ల తొమ్మిదీ గొయ్యి ఏడూ ఒకటే అయిపోతాయి, రేప్పొద్దున ఎవరో తవ్వి తీస్తే ఏడుతో పాటు తొమ్మిదినీ దొంగదంటారు, మూడు రోజులుగా నేను తప్పు ఒప్పుకోవాలా అని కుమిలిపోతున్నాను, చెంప దెబ్బకు బుగ్గ చూపించేదానిలా, ఒప్పుకోవడం కాదు ఇది, దెబ్బలాట, నాకో అంకె ఉంది, నిజమైనది, మొండిది, దానికి నాలుగు పాళ్లు తక్కువ, అంతే, ఆ నాలుగూ ఏరుకొస్తాం, సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటే తీసుకోనీ, మేనేజరు గారు మండిపడితే పడనీ, ఆయన ఫర్నేసు కన్నా వేడిగా ఉండలేరు, నేను దాని పక్కన కూడా నిలబడ్డాను.

తను ఒక రింగు తీసి నా బొటనవేలికి తొడిగి, సరే మేడం, ఇప్పుడేం చేద్దామంటారు అన్నాడు, నేను ఫోను తీసి కాటా అక్కకు చేశాను, అక్కా, నీ పెన్సిలు రిజిస్టరులో మిల్లు లారీలకు వేరే గుర్తు పెట్టావా, పెట్టకేం, పక్కన సున్నా చుట్టాను, కంప్యూటరును నేనెప్పుడు నమ్మాను, నా మొగుడినే నమ్మను, అంది, అయితే రేపు ఎనిమిదింటికల్లా ఆ రిజిస్టరు బయట పెట్టుంచు, సున్నాలన్నీ కలిసి లెక్కపెడదాం అన్నాను, బోర్డు పదకొండింటికి కదే అంది, అందుకే ఎనిమిదింటికి అన్నాను, ఓసి నీ దుంప తెగ, టీ నేను పెడతాలే, రా, అంది, ఫోను పెట్టేసి మా ఆయన వైపు తిరిగాను, విను, రేపు ఏడున్నరకు బయల్దేరతాం, కొత్త పసుపు చీర కట్టుకుంటాను, లెక్క తేలాక ఉత్తరం రాస్తాను, కింద నా పాత ఇంటిపేరుతోనే సంతకం, పైనుంచి కింది దాకా చదివి మరీ పెడతాను, ఆడిటరు గారు తెర తాడు పట్టుకోకముందే ఆవిడ చేతిలో పెట్టి, అప్పుడు అవునన్నాను, ఇప్పుడు కాదంటున్నాను, ఇదిగో డెబ్బై ఒకటి, అని చెబుతాను, అందరి ముందూ, గట్టిగా, తను తలూపి, ముందు గేటు దగ్గర దింపనా అన్నాడు, వద్దు, వెనక గేటు దగ్గర దింపు, ఆ లారీలు తిరిగిన దారంతా నడిచి, ముందు గేటులోంచి నేనే లోపలికి వస్తాను.