ఒళ్లో వాలిన తలలు

జూన్ పదమూడో తేదీ. ఆ మధ్యాహ్నం పిల్లలకు అన్నం, ఉడికిన గుడ్డు. అందరి మూతులూ తుడిచి, దూదత్త గోడకు చేరబడి కాళ్లు బారజాపింది. అంతే, ఒళ్లో తల పెట్టడానికి తోపులాట మొదలైంది.

బట్టల మిల్లుకు పోయే తల్లులు ఆమె ఒంటిగదిలోనే పిల్లల్ని దింపి వెళతారు. సాయంత్రం దాకా వాళ్ల తిండి, నిద్ర, ఏడుపు అన్నీ ఆమెవే. అన్నాలయ్యాక చెవులు చూడటం ఆమె తనంతట తాను పెట్టుకున్న పని. తలపిన్ను గుండ్రటి కొసతో గులిమి తీసి, గోరువెచ్చటి నూనె వేసి, దూది పెడుతుంది. దూదత్త అన్న పేరు అలా వచ్చిందే. కాసేపు ఆ ఒళ్లో పడుకోవడం కోసం, తీయడానికేమీ లేనివాళ్లు కూడా వచ్చేవారు.

"నీకు నిన్ననే తీశాను కదరా!"

"మళ్లీ పుట్టింది, అత్తా."

"నీ చెవుల్లో నాట్లు వేసుకోవచ్చు. పడుకో."

అందరిలోకీ చిన్నది బుజ్జి. దాని కుడిచెవి కొన్నాళ్లుగా కారుతోంది. కారినకొద్దీ అత్త మరింత శ్రద్ధగా తుడిచి, ఇంకాస్త నూనె పోసేది.

ఆ రోజు పేట తిరుగుతూ నర్సు వచ్చింది. చిన్న లైటు వేసి బుజ్జి చెవిలోకి చాలాసేపు చూసింది.

"లోపలి పొరకు చిల్లు పడింది. ఎవరు గెలికారు?"

"మా అత్తే!" అన్నారు పిల్లలు గర్వంగా, ఒకరి మీద ఒకరు పడుతూ. "నాకూ తీస్తుంది! నాకైతే రోజూ!"

నర్సు గొంతు పెంచలేదు. పిల్లల్ని బయట ఆడుకోమని పంపాకే చెప్పింది.

"గులిమి చెడ్డది కాదమ్మా, చెవికి అదే కాపలా. దానంతటదే బయటికొస్తుంది. ఇకమీదట పిన్నూ వద్దు, నూనే వద్దు. ఆ పాపను రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని తల్లికి చెప్పండి. ఆ చెవి సరిగా వినబడుతున్నట్టు లేదు."

"నయమవుతుందా?"

"అవ్వొచ్చు. ఇన్నాళ్లు ఆగకుండా ఉండాల్సింది."

పిలిచినా బుజ్జి పలకనప్పుడల్లా "ఏం పొగరే మహారాణీ" అంటూ ఆ నెత్తిన వేసిన మొట్టికాయలు దూదత్తకు గుర్తొచ్చాయి. తన వేళ్లను తానే చీర కొంగులో చుట్టేసుకుంది.

సాయంత్రం బుజ్జి తల్లి వచ్చింది. చెవి కారుతోందని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. అలాగైతే పిల్ల ఎప్పటిలా వస్తూనే ఉంటుంది. దూదత్త ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా అమ్మ కూడా నాకు ఇలాగే తీసేది, అత్తా," అంది తల్లి. బుజ్జిని చంకనేసుకుని, ఎటో చూస్తూ, "రేపట్నుంచి మా వదిన దగ్గర ఉంచుతాలే. నువ్వేమీ అనుకోకు," అంది.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. సంగతేమీ తెలియని బుజ్జి, తల్లి భుజం మీంచి సందు మలుపు దాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

చీకటి పడ్డాక దూదత్త గడపలోకి వచ్చింది. మధ్యాహ్నం నూనె ఒలికిందని ఉతికి ఆరేసిన బుజ్జి గౌను తీగ మీదే ఉండిపోయింది. తీద్దామని తాకి చూసింది. ఇంకా తడి ఆరలేదు. దాన్నక్కడే వదిలి, లోపల ఎవరో పసిది నిద్రపోతున్నట్టు, తలుపు మెల్లగా మూసింది. తీగ మీద చిన్న గౌను, చేతులు రెండూ చాపుకుని, గాలికి కాస్త ఊగింది.