మా గేటు ముందు రోడ్డు

పొద్దున ఆరింటికి గేటు ముందు నీళ్లు చల్లి ముగ్గు పెట్టడం పదకొండేళ్లుగా నా పనే. నిరుడు చిక్కడపల్లిలోని మా గల్లీకి నీళ్లు ఇంకే తారు రోడ్డు వేశారు. వాన నీళ్లు నిలవకుండా సన్నని రంధ్రాల్లోంచి నేలలోకి దిగిపోవాలి. ఆ రోడ్డును పరీక్షించే ఇంజినీరును నేనే. ముగ్గుపిండి నీళ్లతో కలిసి రంధ్రాల్లోకి దిగితే గట్టిపడి వాటిని మూసేస్తుందని మొదటిరోజే ఇంట్లో చెప్పాను.

"ఇంజినీరువి ఆఫీసుల. ఇక్కడ కోడలివే," అన్నారు మా అత్త విద్యావతి గారు. మా ఆయన కరుణాకర్ పేపరులోంచి తలెత్తకుండానే, ముగ్గుకే రోడ్డు ఖరాబైతదా, అమ్మను పరేషాన్ చెయ్యకు అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చలోనే గెలిచాను. ఒళ్లు మండింది, అయినా వంగి చుక్కలు పెట్టాను. రోజూ పెట్టాను. పోట్లాడటం కంటే అదే సులువనిపించింది.

నిన్న మా ఆఫీసు పెద్దసారుతో కలిసి పరీక్ష చేశాను. రోడ్డు మీద ఇనుప రింగు అతికించి నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. గేటుకీ గేటుకీ మధ్య నిమిషంలో తాగేసింది. గేట్ల ముందు మాత్రం పావుగంటైనా నీళ్లు కదల్లేదు. మా గేటు దగ్గర ఒక ముక్క కోసి తీశాం. లోపలంతా తెల్లగా ఉంది.

సారు దాన్ని చూసి, పక్కన పెట్టేశారు. ముగ్గులని రాస్తే గల్లీ అంతా మీదికొస్తుంది, ఊడ్చే మనిషి సరిగ్గా ఊడ్వలేదని రాసెయ్యమన్నారు. అలా రాస్తే మా గల్లీ ఊడ్చే ఎల్లవ్వను పనిలోంచి తీసేస్తారు. ఆమె చీపురు పట్టుకుని అక్కడే నిలబడి అంతా వింటోంది.

"మేడం, నేను ఒక్కనాడు నాగ పెట్టలే. మీరు ముగ్గేసేటప్పుడు రోజు చూస్తనే ఉంటరు గద," అంది.

చూస్తూనే ఉన్నాను. తెలిసీ ఏడాది పాటు ఆ పిండి పోసింది నేను, పని పోయేది ఆమెకు. సాయంత్రం ఆఫీసులో రిపోర్టు మీద కారణం అన్న చోట 'గేట్ల ముందు ముగ్గుపిండి' అని రాసి, ముక్క తీసిన చోటుగా మా ఇంటి నంబరు వేసి, సంతకం చేసి పైకి పంపేశాను.

ఈ పొద్దున ఆరు దాటింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. అత్తమ్మ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చారు.

"శుక్రవారం పూట ముగ్గేది?"

"ఇగ పెట్టను అత్తమ్మా. ఎందుకన్నది రిపోర్టుల రాసిన, కాపీ పేపరు పక్కన పెట్టిన. మీ కొడుకును చదివి వినిపించమనుండ్రి."